భోజన విరామం: అయిదు గంటల పని తర్వాతా, ఆరు గంటల తర్వాతా? (2025 నాటి చర్చ. ఇందులో చెప్పిన 1948 చట్టం ఆ ఏడాది నవంబరు దాకా అమల్లో ఉండేది.)

చర్చ మొదలుపెట్టినవారు: 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 55వ సెక్షన్ ప్రకారం, కనీసం అరగంట విరామం ఇవ్వకుండా వరుసగా అయిదు గంటలకు మించి పని చేయించకూడదు. ఆ అయిదును ఆరు చేయడానికి, రోజు పనివేళను తొమ్మిది గంటల నుంచి పదికి పెంచడానికి ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం 2025 జూన్‌లో ఆమోదం తెలిపింది. పెట్టుబడులు రావాలంటే తప్పదని ప్రభుత్వ వాదన. ఒక్క గంటతో ఏం పోతుందని మా ఆఫీసులో అంటున్నారు. మీరేమంటారు?

కుట్టు లైను: ఏసీ గదిలో కూర్చున్నవారికి ఏమీ పోదు. నేను బట్టల ఫ్యాక్టరీలో పనిచేస్తాను. ఉదయం ఆరింటి షిఫ్టుకు బస్సు నాలుగున్నరకే మా ఊరికి వస్తుంది. నాలుగింటికి రెండు ముద్దలు తిని ఎక్కితే, పదకొండుకు గంట కొట్టేసరికే సూదిలోకి దారం ఎక్కదు. ఇక పన్నెండు దాకా అంటే? ఆ అరగంటలోనూ కుళాయి దగ్గర వరుస, క్యాంటీన్ దగ్గర వరుస. కంచం ముందు కూర్చునేది పది నిమిషాలు.

చిన్న పరిశ్రమ: అమ్మా, నాది అద్దకం పని, నలభై మంది ఉన్నారు. తొట్టిలో గుడ్డ ఉండగా వదిలి వెళితే రంగు మచ్చలు కడుతుంది. ఆరు గంటలన్నది గరిష్ఠ పరిమితి మాత్రమే. నాలుగు గంటల పని కాగానే భోజనానికి పంపవద్దని ఎవరన్నారు?

పాత ఫైళ్లు: మీ తొట్టికి పాత చట్టంలోనే దారి ఉందండీ. అదే సెక్షన్ రెండో ఉపవిభాగం చూడండి. రాష్ట్ర ప్రభుత్వం గానీ చీఫ్ ఇన్‌స్పెక్టర్ గానీ కారణం రాసి, ఫలానా ఫ్యాక్టరీకి ఆరు గంటల దాకా మినహాయింపు ఇవ్వవచ్చు. అంటే అడగాలి, ఎందుకో చెప్పాలి. ఇప్పుడు ఎత్తేస్తున్నది దాన్నే. తొట్టి కోసం పెట్టిన మినహాయింపు కుట్టుమిషన్‌కు ఎందుకు? స్విచ్ ఆపితే అది ఆగుతుంది కదా!

చిన్న పరిశ్రమ: ఆ కాగితం కోసం ఆఫీసు మెట్లెక్కి చూడండి, తెలుస్తుంది.

పాత ఫైళ్లు: అయితే దరఖాస్తుకు గడువు పెట్టమనండి. మీ చెప్పులు అరిగాయని ఆమె కడుపు మాడాలా?

కుట్టు లైను: సార్, మీవాళ్లు ఎక్కడ కూర్చుని తింటారు? భోజనశాల ఉందా?

చిన్న పరిశ్రమ: ఈ 1948 చట్టం ప్రకారం నూట యాభై మంది దాటితేనే అది తప్పనిసరి. గోడౌను వసారాలో తింటారు. ఫ్యాను పెట్టించాను. బల్లలు లేవు.