శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో రెండెకరాల తోట కొని స్థిరపడాలనుకుంటున్నాం, సలహా కావాలి

హైదరాబాదు కుటుంబం:

సంక్రాంతి సెలవులకు విశాఖపట్నం నుంచి ఇచ్ఛాపురం దాకా కారులో వెళ్ళాం. పదహారో నంబరు జాతీయ రహదారి చాలాచోట్ల సముద్రానికి ఎడంగానే సాగుతుంది కనుక కళింగపట్నం, భావనపాడు, బారువ చూడాలంటే ప్రతిసారీ రహదారి దిగి ఊళ్ళ మీదుగా పోవాల్సి వచ్చింది. ప్రయాణంలో మాకు బాగా నచ్చినవి ఆ దారులే. సోంపేట దాటి కవిటి వైపు వెళ్తుంటే కొబ్బరి, జీడిమామిడి, పనస ఒకే తోటలో కలిసి పెరగడం చూసి, ఇక్కడే రెండెకరాలు కొని చిన్న ఇల్లు కట్టుకుందామని నా భార్య అన్నది మొదలు ఇంట్లో ఇదే చర్చ. ఒక్క మా అత్తయ్యగారు మాత్రం ససేమిరా అంటున్నారు. నా ఉద్యోగం ఇంటి నుంచే చేసుకోవచ్చు. పెద్దమ్మాయి ఎనిమిదో తరగతి, చిన్నవాడు మూడో తరగతి. రెండెకరాల మీద ఇల్లు గడుస్తుందా, నీటి సంగతి ఏమిటి, కాగితాల్లో ఏం చూసుకోవాలో తెలిసినవారు చెప్పగలరు.

కవిటి రైతుబిడ్డ:

మా ఊరు మీకు నచ్చినందుకు సంతోషం. కానీ మీరు చూసింది జనవరి ఉద్దానం. అక్టోబరు ఉద్దానం వేరు. 2013లో ఫైలిన్ తుపాను అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర, 2014లో హుద్‌హుద్ అదే తేదీన విశాఖ దగ్గర, 2018లో తిత్లీ అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటాయి. తిత్లీ వెళ్ళిన మర్నాడు మా తోటలో కొబ్బరిచెట్లు కొన్ని వేళ్ళతో సహా కూలి, మరికొన్ని మొవ్వు (చిగురు వేసే తల) విరిగి ఉన్నాయి. మొవ్వు పోయిన చెట్టు నిలబడి ఉన్నా లేనట్టే. నాటు రకం కొబ్బరి తిరిగి కాపుకు రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది, ఆలోగా ఇల్లు దేని మీద నడవాలి?

జీడిమామిడి సంగతి చెప్తాను. పూత దశలో పొగమంచు పట్టినా, తేయాకు దోమ అనే రసం పీల్చే పురుగు చేరినా పిందె నిలవదు. జీడిపిక్కలను 80 కిలోల బస్తా లెక్కన అమ్ముతాం. ధర పలికేది పలాస వ్యాపారుల దగ్గర, మన చేతుల్లో ఉండదు. రెండెకరాల ఆదాయం మీ జీతానికి తోడవుతుందే తప్ప జీతం స్థానంలోకి రాదు.

నీటి విషయంలో తొందరపడకండి. తీరం దగ్గర ఇసుకనేలలో వాననీరు ఉప్పునీటి మీద తేలినట్టు పలుచగా నిలిచి ఉంటుంది, అందుకే మా తాతల కాలంనాటి నూతులు లోతు తక్కువ. లోతుగా బోరు దింపి రోజంతా మోటారు నడిపితే కింది ఉప్పునీరు పైకి వస్తుంది, ఆ బోరు మళ్ళీ మంచినీరు ఇవ్వడం కష్టం. ఇక్కడ చాలామందికి వస్తున్న కిడ్నీ జబ్బు గురించి విని ఉంటారు. ఎన్నో పరిశోధనలు జరిగినా కారణం ఇదీ అని తేలలేదు. 2023 డిసెంబరులో ప్రారంభమైన పథకం కింద హిరమండలం జలాశయం నుంచి తాగునీరు ఇస్తున్నారు. మీరు చూసే ఊరికి ఆ కుళాయి నీరు వారంలో ఎన్నిసార్లు వస్తుందో ఊళ్ళోవాళ్ళనే అడగండి, అమ్మేవాణ్ణి కాదు.

విశ్రాంత రెవెన్యూ ఉద్యోగి:

కాగితాల మాటకు వస్తే, సముద్రానికి దగ్గరగా చౌకగా దొరికే భూమి అనగానే మొదట అది డి-పట్టా, అంటే ప్రభుత్వం పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూమి, కాదని నిర్ధారించుకోండి. 1977 చట్టం ప్రకారం అలాంటి భూమి కొనుగోలు చెల్లదు, ప్రభుత్వం వెనక్కి తీసుకోవచ్చు; ఇచ్చి ఇరవై ఏళ్ళు దాటినవాటికి 2023 సవరణలో సడలింపు ఇచ్చారు గాని, దాన్ని నమ్ముకుని తొందరపడకండి. అడంగల్ (సాగు, అనుభవదారు వివరాల రికార్డు), 1-బి (యజమాని పేరు మీది భూముల రికార్డు) చూసి, నిషేధిత భూముల 22-ఎ జాబితాలో సర్వే నంబరు లేదని తెలుసుకుని, పాత ఈసీ (ఆ భూమి మీద జరిగిన అమ్మకాలు, తాకట్ల పత్రం) తీయించి, సర్వేయరుతో హద్దులు కొలిపించిన తరువాతే బయానా ఇవ్వాలి.

రెండోది, తోట వేయడానికి పనికొచ్చే భూమిలో ఇల్లు కట్టుకోవచ్చని అనుకోకూడదు. 2019 తీర నియంత్రణ ఉత్తర్వు ప్రకారం గ్రామీణ తీరంలో ఆటుపోట్ల గరిష్ఠ రేఖ నుంచి కొంత మేర కొత్త కట్టడాలు కూడవు: 2011 జనగణనలో చదరపు కిలోమీటరుకు 2,161 మందికి మించి ఉన్నచోట 50 మీటర్లు, అంతకంటే తక్కువ ఉన్నచోట 200 మీటర్లు. తీర ప్రాంత నిర్వహణ పటంలో మీ సర్వే నంబరు ఎక్కడ పడుతుందో చూసుకోండి. అలల చప్పుడు వినపడే ఇల్లని దళారులు ఊరిస్తారు గాని, ఆ చప్పుడుకు కాస్త దూరంగా ఉండటమే క్షేమం.

సోంపేట కోడలు:

నేను పట్నంలో పుట్టి ఇక్కడికి వచ్చినదాన్ని. మీ పెద్దమ్మాయిని పదో తరగతి మధ్యలో బడి మార్చవద్దు. చిన్నవాడు ఇట్టే కలిసిపోతాడు. ఉప్పుగాలికి ఇనుప తలుపులు, ఫ్రిజ్జు, ఏసీ త్వరగా తుప్పుపడతాయి, ఆ ఖర్చు ఎవరూ ముందు చెప్పరు. మీ అత్తయ్యగారి అభ్యంతరం ఏమిటో కూడా అడిగి చూడండి, దగ్గర్లో పెద్దాసుపత్రి గురించే అయితే ఆవిడ మాట నిజం.

హైదరాబాదు కుటుంబం:

అందరికీ కృతజ్ఞతలు. అత్తయ్యగారు అడిగేది సరిగ్గా అదే. కొనకుండా ఒక ఏడాది తోట కౌలుకు తీసుకునే వీలు ఉంటుందా?

కవిటి రైతుబిడ్డ:

ఉంటుంది. చాలామంది ఫలసాయం మాత్రమే ఇస్తారు, భూమి పనులు మీ చేతికి రావు, అందుకని కొబ్బరికాయలు దింపే కూలి, కంచె, కాపలా ఎవరివో ముందే రాయించుకోండి. ఏప్రిల్‌లో పిక్కలు ఏరే రోజుల్లో ఒకసారి, అక్టోబరులో మరోసారి కుటుంబమంతా వచ్చి ఉండండి. వచ్చే ముందు ఇక్కడ రాస్తే, కౌలుకు ఇచ్చేవాళ్ళు ఎవరున్నారో ఊళ్ళో కనుక్కుని ఉంచుతాను.