శివారు కాలనీకి వచ్చి స్థిరపడినవాళ్లు ఓటు ఎక్కడ వేయాలి?

కణపాక నివాసి:
మాది గరివిడి మండలంలోని ఒక పల్లె. తొమ్మిదేళ్ల క్రితం విజయనగరం శివారున కణపాకలో ఇల్లు కట్టుకొని వచ్చేశాము. నాన్నగారు మాత్రం ఊళ్లోనే ఉంటున్నారు. నా ఓటు, మా ఆవిడ ఓటు నేటికీ ఊరి జాబితాలోనే ఉన్నాయి. 2024 మే 13న తెల్లవారకముందే బయలుదేరి వెళ్లి, రెండున్నర గంటలు వరుసలో నిలబడి ఓటు వేసి వచ్చాము. ఇప్పుడు మా అబ్బాయికి పద్దెనిమిదేళ్లు నిండాయి. వాడు కణపాకలోనే పేరు నమోదు చేయించుకుంటానని, మమ్మల్ని కూడా ఇక్కడికే మార్చుకోమని అంటున్నాడు. ఊరి ఓటు తీయించుకోవడమంటే ఊరితో తెగతెంపులు చేసుకోవడమేనని నాన్నగారు బాధపడుతున్నారు. ఏది సరైనదో పెద్దలు చెప్పగలరు.

బొబ్బిలి ఉపాధ్యాయుడు:
మీ నాన్నగారి మాటే సరైనదని నా అభిప్రాయం. పంచాయతీ ఓటర్ల జాబితాను శాసనసభ జాబితా నుంచే తయారు చేస్తారు కాబట్టి, కణపాకకు మార్చుకున్న రోజున ఊరి సర్పంచి ఎన్నికలో కూడా మీ మాటకు చోటు ఉండదు. సర్పంచి పదవి పది పదిహేను ఓట్ల తేడాతో తేలిపోయే ఊళ్లు మన జిల్లాలో ఎన్నో ఉన్నాయి. చెరువు గట్టు, పొలం దారి, శ్మశానం దారి వంటి విషయాల్లో ఓటున్నవాడి మాటను వింటారు. పైగా సంక్రాంతికి రానివాళ్లు కూడా పోలింగు రోజున ఊరికి వస్తారు. కాలనీ బూత్‌లో మనల్ని పేరు పెట్టి పలకరించేవారు ఎవరున్నారు?

మాజీ ప్రిసైడింగ్ అధికారి, గజపతినగరం:
ఉపాధ్యాయులు గారు చెప్పిన పంచాయతీ విషయం నిజం, ఆ నష్టాన్ని నేను చిన్నది చేయను. అయితే ఓటు ఎక్కడ ఉండాలన్నది మన ఇష్టానికి వదిలేసిన సంగతి కాదు. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 19వ సెక్షన్ సాధారణంగా నివసించే చోటనే ఓటు అంటుంది. ఒక నియోజకవర్గంలో సొంత ఇల్లు ఉన్నంత మాత్రాన అక్కడ నివసిస్తున్నట్లు కాదని 20వ సెక్షన్ స్పష్టంగా చెబుతుంది. రెండు చోట్లా పేరు ఉంచుకోవడాన్ని 17వ సెక్షన్ ఒప్పుకోదు. తొమ్మిదేళ్లుగా కణపాకలో వండుకొని తింటున్న కుటుంబం గరివిడిలో నివసిస్తోందని ఎలా అంటాం?

నేను పలు ఎన్నికల్లో పోలింగు బూత్ బాధ్యుడిగా విధులు నిర్వహించాను. ఊరు వదిలి వెళ్లినవారి పేర్లు జాబితాలో మిగిలిపోవడం ఎంత ప్రమాదమో అక్కడే చూశాను. మధ్యాహ్నానికల్లా ఎవరు రాలేదో, ఎవరు ఇక రారో పార్టీల ఏజెంట్ల చేతిలోని కాగితాలు చెప్పేస్తాయి. ఒకసారి దూరం నుంచి వచ్చిన ఒక పెద్దావిడ పేరు మీద అప్పటికే ఎవరో ఓటు వేసి వెళ్లిపోయారు. నిబంధన ప్రకారం ఆవిడకు టెండర్డ్ బ్యాలెట్ (తన పేరు మీద అప్పటికే ఓటు పడిపోయినవారికి ఇచ్చే) కాగితం ఇచ్చి, దానిని కవరులో పెట్టి సీలు చేశాను. ఆ కాగితాన్ని మామూలు లెక్కింపులో కలపరని తెలిసి కూడా ఆవిడ చేతికి దానిని అందించవలసి వచ్చింది. ఆ బాధ నాకు ఇంకా పోలేదు.

ఇక శివారు సంగతి. 2019లో అప్పటి విజయనగరం జిల్లాలోని తొమ్మిది శాసనసభ స్థానాలనూ వైఎస్సార్ కాంగ్రెస్ గెలిచింది. 2024లో అవే తొమ్మిదీ తెలుగుదేశం, జనసేన కూటమికి వచ్చాయి. గాలి ఇంతగా మారే చోట ప్రతి బూత్ లెక్కనూ పార్టీలు జాగ్రత్తగా చూస్తాయి. ఇళ్లు ఎన్నో ఉండి ఓట్లు కొన్నే ఉన్న కాలనీకి కాలువ కావాలన్నా, వీధి దీపం కావాలన్నా అడిగే బలం ఎక్కడి నుంచి వస్తుంది? ఊరికి వెళ్లడానికి పార్టీ వాహనం ఎక్కడం కూడా మంచిది కాదు. అభ్యర్థి తరఫున ఉచితంగా ఓటర్లను తరలించడం 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం అవినీతి చర్య.

శ్రీకాకుళం తీరవాసి:
అలాగైతే గుజరాత్‌లోని వెరావల్ రేవుకు వేటకు వెళ్లే మా మత్స్యకారులు కూడా అక్కడికే ఓటు మార్చుకోవాలా? ఏడాదిలో నెలల తరబడి వాళ్లు అక్కడే ఉంటారు.

మాజీ ప్రిసైడింగ్ అధికారి, గజపతినగరం:
అక్కర్లేదమ్మా. భార్యాపిల్లలూ ఇల్లూ ఇక్కడే ఉండి, పని కోసం తాత్కాలికంగా వెళ్లినంత మాత్రాన నివాసం పోదని అదే 20వ సెక్షన్ చెబుతుంది. వాళ్లకు అసలు కష్టం పోలింగు నాటికి రాలేకపోవడం. వలస కార్మికులు ఉన్న చోటి నుంచే ఓటు వేసేందుకు, ఒకే బూత్‌లో 72 నియోజకవర్గాల ఓట్లు తీసుకోగల యంత్రాన్ని ఎన్నికల సంఘం 2023 జనవరిలో పార్టీల ముందు పెట్టింది, కానీ పార్టీల అభ్యంతరాలతో అది ముందుకు సాగలేదు. ఆ పని జరగాలని గట్టిగా కోరుకునేవారిలో నేనూ ఒకడిని.

కణపాక నివాసి:
అందరికీ నమస్కారాలు. ఓటు ఇక్కడికి మార్చుకోవడానికి నేనూ మా ఆవిడా ఫారం 8, కొత్తగా పేరు నమోదుకు అబ్బాయి ఫారం 6 నింపి ఇచ్చాము. నాన్నగారి ఓటు ఊళ్లోనే ఉంటుంది. వచ్చే ఎన్నికల నాటికి ఆయనకు 85 దాటుతాయి కాబట్టి ఫారం 12డి ఇస్తే ఇంటి దగ్గరే ఓటు వేయవచ్చని చెప్పాను. కాళ్లు ఆడినంత కాలం బూత్ ఉన్న బడి దాకా నడిచి వెళ్లే వేస్తానన్నారు. ఆ రోజు ఇక్కడ ఏడు గంటలకే మా ఓట్లు వేసేసి, ఆయనకు తోడుగా మేము ఊరికి వెళ్తాము.