లింక్స్ 2 3 4: జవాబు చెప్పారా, గొడవనే మళ్లీ అమ్ముకున్నారా?

డ్రాప్‌డి_వాసు:
జర్మన్ మెటల్ బ్యాండ్ రామ్‌స్టైన్ వాళ్ల "లింక్స్ 2 3 4" పాట రాత్రి మళ్లీ విన్నాను, పాత డౌటు మళ్లీ మొదలైంది. తెలియని వాళ్లకి కథ ఇది. 1998లో వీళ్లు ఇంగ్లండ్ బ్యాండ్ డెపెష్ మోడ్ పాట "స్ట్రిప్డ్"ని తమ పద్ధతిలో పాడి, వీడియోలో దర్శకురాలు లెనీ రీఫెన్‌స్టాల్ తీసిన "ఒలింపియా" దృశ్యాలు వాడారు. హిట్లర్ హయాంలో 1936 బెర్లిన్ ఒలింపిక్స్ మీద తీసిన సినిమా అది. జర్మనీలో పెద్ద రచ్చ, వీళ్లు నాజీలా ఏంటి అని. 2001లో "ముట్టర్" ఆల్బమ్ నుంచి "జోన్నె" తర్వాత రెండో సింగిల్‌గా దీన్ని వదిలారు, మేం లెఫ్ట్ బాబూ అని చెప్పుకోవడానికి. సరే, నేను నాజీని కాదు అని చెప్పాలనుకున్నవాడు పాటని బూట్ల చప్పుడుతో మొదలుపెడతాడా?

చలికోటు:
మొదలుపెడతాడు, ఎందుకంటే మొత్తం శ్లేష అక్కడే ఉంది. జర్మన్ మొదటి మెట్టు ఏ1 క్లాసులో దారి అడగడం నేర్పేటప్పుడే "లింక్స్" వస్తుంది, అంటే ఎడమ. కవాతులో ఎడమ కాలు వేయించే కేక కూడా అదే. దానికి తోడు జర్మన్‌లో మంచివాణ్ణి "గుండె సరైన చోట ఉన్నవాడు" అంటారు, ఆ "సరైన" అన్న మాటలోనే "కుడి" కూడా వినిపిస్తుంది. బ్యాండ్ గాయకుడు లిండెమాన్ ఏమంటాడంటే, నా గుండె అక్కడ ఉండాలంటున్నారు గానీ కిందికి చూసుకుంటే ఎడమ పక్కనే కొట్టుకుంటోందే అని. ఇంతకంటే సూటిగా ఎలా చెప్పాలి?

డ్రాప్‌డి_వాసు:
జర్మన్ వచ్చినవాడికి సూటి. భాష రాని నాలాంటివాడికి పాటలో వినిపించేది బూట్లు, గిటార్, గుంపు కేక, అంతే. స్కూల్లో డ్రిల్లు మాస్టారు లెఫ్ట్ రైట్ అంటుంటే కాళ్లు వాటంతటవే కదిలేవి చూడండి, ఇది విన్నా అదే అవుతుంది. మాట ఒకటి చెప్తుంటే బీటు ఇంకొకటి చేయిస్తోంది.

ఎర్రమిరప:
కవాతంటే నాజీల సొత్తా? మన దగ్గర ఎర్రచొక్కాల వలంటీర్లు మహాసభలకి వరసకట్టి నడవరా? 1934లో జర్మన్ కవి బ్రెష్ట్ రాయగా సంగీతకారుడు ఐస్లర్ బాణీ కట్టిన కార్మికుల ఐక్యత పాట ఉంది, దాని పల్లవిలోనే ఎడమ, రెండు, మూడు అని కవాతు లెక్క వస్తుంది. రామ్‌స్టైన్‌లో ఆరుగురూ తూర్పు జర్మనీ నుంచి వచ్చినవాళ్లే, ఆ పాట వాళ్లకి కొత్తేం కాదు. వీడియో కూడా చూడండి, చీమల పుట్ట మీదికి పురుగులు వచ్చి పడతాయి, చీమలన్నీ కలిసి తరిమేస్తాయి.

డ్రాప్‌డి_వాసు:
ఐస్లర్ సంగతి నాకు తెలియదు, ఆ పాయింట్ ఒప్పుకుంటాను. కానీ చీమలు కూడా ఒక్కటే తాళానికి నడిచే గుంపే కదండీ. నా బాధ అదే! పైగా 2019లో "డాయిచ్‌లాండ్" సింగిల్‌కి ముందు వదిలిన చిన్న టీజర్ గుర్తుందా, ఉరితాళ్ల కింద కాన్సంట్రేషన్ క్యాంపు ఖైదీల బట్టల్లో నిలబడ్డారు. తిట్లు పడ్డాయి, పాట జర్మనీలో నంబర్ 1. ఒకసారైతే పొరపాటు అనుకుంటాం.

చలికోటు:
ఆ టీజర్‌ని నేనూ సమర్థించను, యూదు సంఘాల వాళ్లకి కోపం రావడం న్యాయమే. కానీ తొమ్మిది నిమిషాల అసలు వీడియో చూసి మాట్లాడండి, అందులో జర్మనీ పాత్ర వేసింది నల్లజాతి నటి రూబీ కోమీ. అది చూసి ఏ నాజీ చప్పట్లు కొడతాడు?

డ్రాప్‌డి_వాసు:
వాళ్లు నాజీలని నేనెప్పుడన్నాను? అమ్మకం తెలిసినవాళ్లు అన్నాను.