‘ఏడుతరాలు’ను చరిత్ర విభాగంలో ఉంచడం సరైనదేనా?

శాసనప్రియ: మన వేదిక పఠనీయ గ్రంథాల జాబితాలో అమెరికా నల్లజాతి రచయిత అలెక్స్ హేలీ ‘రూట్స్’కు సహవాసి గారు చేసిన అనువాదం ‘ఏడుతరాలు’ ఇప్పటికీ చరిత్ర విభాగంలోనే ఉంది. దాన్ని నవలల్లోకి మార్చాలని కోరుతున్నాను. 1767లో ఆఫ్రికా నుంచి లార్డ్ లిగోనియర్ అనే బానిసల ఓడలో అమెరికాలోని అన్నాపొలిస్ రేవుకు చేరిన కుంటా కింటే తన పూర్వీకుడని, వర్జీనియాలోని వాలర్ కుటుంబం అతణ్ణి కొని టోబీ అని పేరు పెట్టిందని 1976లో హేలీ రాశారు. అయితే గ్యారీ మిల్స్, ఎలిజబెత్ మిల్స్ అనే పరిశోధక దంపతులు వర్జీనియా దస్తావేజులను పరిశీలించి, టోబీ అనే బానిస 1762 నాటికే, అంటే ఓడ రాకకు ఐదేళ్ల ముందే, వాలర్ల వద్ద ఉన్నాడని చూపించారు.

నల్లరేగడి: ఒకే పేరు ఇద్దరు బానిసలకు ఉండకూడదా? యజమాని తనకు తోచిన పేరు పెట్టేవాడు కదా.

మధ్యాహ్నపు పాఠకుడు: ఏ విభాగంలో ఉన్నా మేము చదువుతాం, ఏడుస్తాం.

శాసనప్రియ: ఉండవచ్చు. కాని ఆ రెండో టోబీని చూపించవలసిన బాధ్యత హేలీది. పైగా హెరాల్డ్ కోర్లాండర్ తన ‘ది ఆఫ్రికన్’ నవలలోని భాగాలను వాడుకున్నారని దావా వేస్తే, 1978లో హేలీ ఆరున్నర లక్షల డాలర్లు చెల్లించవలసి వచ్చింది. కోర్టులో దోషిగా తేలిన పుస్తకాన్ని చరిత్ర అనడం ఎలా?

నల్లరేగడి: దోషిగా తేలలేదు. అది రాజీ. తీర్పు వెలువడకముందే కుదిరిన ఒప్పందం.

శాసనప్రియ: ఆ నవలలోని కొన్ని భాగాలు తన పుస్తకంలోకి వచ్చాయని హేలీ ఒప్పుకున్న తరువాత, రాజీ అన్నా తీర్పు అన్నా తేడా ఏమిటి?

నల్లరేగడి: చాలా ఉంది. దస్తావేజుల గురించి ఇంత పట్టుదలగా మాట్లాడేవారు కోర్టు రికార్డును మాత్రం మీకు అనుకూలంగా చదవకూడదు.

శాసనప్రియ: నా పట్టుదలకు కారణం చెబుతాను. మా ఊరి చరిత్ర రాసి ఒక ప్రచురణ సంస్థకు పంపితే, ప్రతి పేజీకీ ఆధారం చూపించమని తిప్పి పంపారు. చూపించలేనివన్నీ కొట్టివేసి మళ్లీ రాశాను. అదే సంస్థవారు తరువాత ఒక ప్రముఖుడి వంశగాథను ఒక్క ఆధారమూ లేకుండా చరిత్రగా అచ్చువేశారు. ఆ నిబంధన పేరులేని రచయితలకేనా?

తంగేడుపువ్వు: ఆ అన్యాయం హేలీ చేసింది కాదు. నా మాట కూడా వినండి. మా తాత పేరు కాగితం మీద ఉన్నది ఒక్క చోటే, దొర ఇంటి జీతగాళ్ల చిట్టాలో. అదీ పొట్టి పేరు, పక్కన అప్పు. ఆయన ఎక్కడి నుంచి వచ్చాడో మా నాయనమ్మ చెప్పిన మాటే మాకు ఆధారం. హేలీకి కూడా టెనెసీలోని హెన్నింగ్‌లో అమ్మమ్మ సింథియా చెప్పిన కథే మొదటి ఆధారం. మీరు అడిగే కాగితాలన్నీ కొన్నవాడు రాసుకున్నవి.

శాసనప్రియ: అందుకే మరింత జాగ్రత్త కావాలంటున్నాను. ఆఫ్రికాలోని గాంబియా దేశపు ఊరు జుఫురేలో హేలీకి కథ చెప్పిన కెబ్బా ఫొఫానా సంప్రదాయ శిక్షణ పొందిన గ్రియో, అంటే వంశగాథలు నోటితో చెప్పే కథకుడు, కాడని, హేలీ ఏమి వినాలనుకుంటున్నారో అక్కడివారికి ముందే తెలుసని డోనాల్డ్ రైట్ అనే చరిత్రకారుడు రాశారు. వినేవాడు కోరిన కథ చెబితే అది జ్ఞాపకం ఎలా అవుతుంది?

తంగేడుపువ్వు: ఫొఫానా సంగతి నేను కాదనను. కాని మీ అసలు అభ్యంతరం అది కాదు. మన చరిత్ర విభాగంలోనే కల్నల్ మెకంజీ సేకరింపజేసిన ఊళ్ల వృత్తాంతాలు, కైఫీయత్తులున్నాయి. ఊరి కరణాలు పాత కాగితాలతోపాటు విన్న మాటలనూ, స్థలపురాణాలనూ కలిపి రాయించినవి వాటిలో ఎన్నో. వాటిని తీసివేయమని మీరు ఏనాడూ అడగలేదు. కరణం విన్న మాట చరిత్ర, బానిస మనవరాలు చెప్పిన మాట నవల అన్నదే మీ వాదన.

శాసనప్రియ: అలా నేను అనలేదు. కైఫీయత్తులను ఎవరూ యథాతథంగా నమ్మరు, శాసనాలతో సరిచూస్తారు.

తంగేడుపువ్వు: సరిచూస్తారు, అయినా చరిత్ర విభాగంలోనే ఉంచుతారు. హేలీకి కూడా అదే పద్ధతి పాటించండి. మిల్స్ దంపతుల విమర్శను ఆ పుస్తకం పక్కనే జతచేయండి, నాకు అభ్యంతరం లేదు.

మధ్యాహ్నపు పాఠకుడు: 1977లో పులిట్జర్ వారు కూడా ఏ విభాగంలోనూ చేర్చకుండా ప్రత్యేక పురస్కారమిచ్చి తప్పించుకున్నారు.

శాసనప్రియ: జతచేస్తే నేనూ ఒప్పుకుంటాను. కైఫీయత్తుల పక్కన ఏమి జతచేయాలో మీరు వేరే చర్చ మొదలుపెట్టండి.

తంగేడుపువ్వు: మొదలుపెడతాను. వాటిలోని మాన్యాల లెక్కలతోనే.