పొద్దుగాల ఐదింటికి పై ఫ్లాట్ల రోలు సప్పుడు, అడిగితే నేనే చెడ్డోన్ని అయిన

నిద్రలేని_నల్లగొండ:
అందరికి నమస్తే. దేవరకొండ రోడ్డు దిక్కు ఒక అపార్ట్‌మెంట్ల కిరాయికుంటున్నం, 15 ఫ్లాట్లు, మాది రెండో ఫ్లోర్. నాది అమెరికా షిఫ్టు, ఇంట్లనే పని, ల్యాప్‌టాప్ మూసేసరికి రెండున్నర, కన్ను అంటుకునేసరికి మూడు దాటుతది. ఐదు కాంగనే నెత్తి మీద ధబ్ ధబ్. పై ఫ్లాట్ల పెద్దమ్మ రోట్ల తొక్కు నూరుతది. మొదలు ఎల్లిపాయకు చిన్నగ నాలుగు దెబ్బలు, తర్వాత ఎండుమిరపకాయలకు గట్టిగ, ఆఖరికి గుండ్రం తిప్పుతుంటే గర్ర్ మని రాకుడు. ఇప్పుడు నాకు ఏ రోజు ఏం తొక్కో పండుకొనే చెప్పొస్తది, పుంటికూర అయితే సప్పుడు మెత్తగుంటది.
మొన్న వాట్సాప్ గ్రూపుల పెట్టిన, "రోలు, మిక్సీ, వాషింగ్ మిషన్ దయచేసి ఉదయం 6 తర్వాతే వాడగలరు" అని. గంతే. ఒకాయన "నువ్వు తొక్కు తినకుండనే పెరిగినవా" అన్నడు, ఇంకొకాయన నవ్వే బొమ్మలు పది పెట్టిండు. నేనడిగినదాంట్ల తప్పేముంది?

చాయ్_బంద్:
తొక్కు ఎట్లుంటది? కిందికి పంపుతదా?

రూల్_ప్రకారం:
తప్పేమీ లేదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6 వరకు. నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. ఐదు గంటలు అంటే చట్టం దృష్టిలో రాత్రే. మీరు "దయచేసి" అని అడగాల్సిన అవసరం కూడా లేదు.

మిర్యాలగూడ_కోడలు:
రూల్ ప్రకారం గారు, మా ఇంట్ల నేను నాలుగుంబావుకు లేస్త. ఆయనకు ఆరు గంటల బస్సు, ఇద్దరు పిల్లలకు డబ్బాలు, అత్తమ్మకు జొన్నరొట్టె. చేత్తో రొట్టె కొడితే సప్పుడొస్తది, మరి నన్ను గూడ స్టేషన్ల పెడతరా? ఆరింటి దాకా పొయ్యి కాడ చేతులు కట్టుకొని నిలబడాల్నా? నిద్రపోయేటోల్లకే రూల్సున్నయా, లేచేటోల్లకు లేవా.

పాలమూరు_పార్కింగ్:
సప్పుడు అంటె ఇంతసేపుంటది పోతది. మా దగ్గర మెట్టుగడ్డ అపార్ట్‌మెంట్ల ఎదురింటోడు చెప్పుల స్టాండు తెచ్చి నా గడప ముంగట పెట్టిండు, మూడంతస్తుల స్టాండు, పదహారు జతలు లెక్కపెట్టిన, ఉన్నదేమో నలుగురు. కిందికి పోతే నా పార్కింగ్ల వాని బావమర్ది బండి. గా ముచ్చట ఎవ్వరు అడగరు, రోలు గురించి మస్తు చర్చ పెడతరు.

సైట్_మేస్త్రీ:
తమ్మి, ముందుగాల సంగతి సమజ్ చేసుకో. మిక్సీ సప్పుడు గాలిల పోతది, గోడ, తలుపు సగం ఆపుతయి. రోలు అట్ల కాదు, దెబ్బ సక్కగ స్లాబుల దిగుతది. మన దగ్గర స్లాబు ఎంత మందం పోస్తరు, అయిదు అంగులాలు. దాని మీద టైల్స్, కింద నీ మంచం. డప్పు నడుమ కొడితే ఎట్ల మోగుతది, అంచుకు కొడితే ఎట్ల మోగుతది? ఆమె రోలు గది నడుమల పెట్టుకున్నట్టుంది. మూలకు, పిల్లర్ కాడ, కింద బీమ్ ఉన్న జాగల పెట్టుమను. రోలు కింద పాత టైరు ముక్క గానీ నాలుగు మడతల గోనెసంచి గానీ ఎయ్యాలె. యాభై రూపాయల పని. చట్టాలు తర్వాత.

రూల్_ప్రకారం:
టైరు ముక్క పరిష్కారం కావచ్చు, హక్కు ప్రశ్న హక్కు ప్రశ్నే. పరిమితికి 10 డెసిబెల్స్ మించితే ఫిర్యాదు చేసే వీలుంది. రాత్రి 45 కాబట్టి 55 దాటితే చాలు. ఫోన్‌లో కొలిచే యాప్‌లు ఉన్నాయి.

దేవరకొండ_బస్టాండ్:
ఆ రూల్స్ మైకులకు, హారన్లకు, పటాకులకు అన్న. రోలు మైకా?

రూల్_ప్రకారం:
45, 55 అనేవి పరిసరాల మొత్తం శబ్దానికి. మైకుకే అని ఎక్కడుంది? పూర్తిగా చదివి మాట్లాడండి.

దేవరకొండ_బస్టాండ్:
పూర్తిగ చదివినోనివి, ఫ్లాట్ లోపలి ముచ్చట గాదు బయటి గాలి ముచ్చట అని తెల్వదా. పొద్దుగాల కోడి కూస్తది, దానికెంత?

మిర్యాలగూడ_కోడలు:
ఒక్క మాట అడుగుత, నిద్రలేని అన్న. ఒక్కసారన్న పైకి పోయి పెద్దమ్మతోని మాట్లాడినవా? లేకపోతే సక్కగ గ్రూపులనే పెట్టినవా?

నిద్రలేని_నల్లగొండ:
గ్రూపు ఎందుకుంది మరి. పేరు పెట్టి రాయలే, ఎవ్వరిని అనలే, అందరికి కలిపి రాసిన. పైకి పోయి ముసలామెను ముఖం మీద అంటె బాగుంటదా.
ఇంకోటి, ఆమె రొట్టెల కోసమో డబ్బా కోసమో ఐదింటికి లేస్తలేదు. అసలు నాలుగున్నరకే లేస్తది. దినం తప్పి దినం కృష్ణ నీళ్ళొస్తయి మాకు, కిందికి దిగి వాల్వు తిప్పి, సంపు నిండినంక మోటార్ ఏసి, టాంకు నిండేదాక మెట్ల మీద కూసుంటది. పైకొచ్చినంక ఇగ నిద్ర పట్టదంట, రోలు ముంగటేసుకుంటది. వాచ్‌మన్ పోయినప్పటి సంది ఇదే తంతు, నీళ్ళు రాని దినం గూడ అలవాటుకు లేస్తది. నిద్ర పట్టకపోతే టీవీ చూడొచ్చు గద, సౌండ్ తక్కువ పెట్టుకొని.

పానగల్_పెద్దోడు:
ఆగు తమ్మి ఆగు. ఇప్పటిదాక రోలు ముచ్చటే చెప్పినవు. పదిహేను ఫ్లాట్లకు నీళ్ళు ఎక్కిస్తున్నది గా ముసలామెనా?

నిద్రలేని_నల్లగొండ:
ఆమెను ఎవ్వరు చెయ్యమనలే కాక. ఆమెంతల ఆమెనే చేస్తది.

పానగల్_పెద్దోడు:
ఎవ్వరు చెయ్యమనలే. మంచిది. మరి ఆమె చెయ్యకుంటే ఎవలు చేస్తరు? నువ్వు మూడింటికి పండుకొని పదకొండింటికి లేచి షవర్ తిప్పంగనే నీళ్ళొస్తున్నయి, అవి యాడికెల్లి వస్తున్నయో ఎన్నడన్న అనుకున్నవా. నేను మా అపార్ట్‌మెంట్ల ఆరేండ్లు సెక్రటరీగ చేసిన. లిఫ్టు ఆగితే నాకే ఫోను, సెప్టిక్ టాంకు నిండితే నాకే ఫోను, నా బిడ్డ పెండ్లి నాడు మండపంల ఉంటె "అంకుల్ మోటార్ ఆన్ చెయ్యలేదు" అని ఫోను. ఒక్కడు థాంక్స్ చెప్పిన పాపాన పోలే, దిగిపోయిన నాడు మాత్రం లెక్కల రెండు వందల నలభై తక్కువొచ్చింది ఏమైందని ముగ్గురు అడిగిన్రు. వాచ్‌మన్ ఎందుకు పోయిండో గది చెప్పు ముందు.

నిద్రలేని_నల్లగొండ:
జీతం పెంచుమన్నడు. తొమ్మిది వేలు ఇస్తుండ్రి, పన్నెండు కావాలన్నడు. ఫ్లాటుకు రెండు వందలు ఎక్కువ పడతది. ఎనిమిది మంది ఒద్దన్నరు, ఆయన పోయిండు. దీనికి దానికి ఏం సంబంధం?

పానగల్_పెద్దోడు:
ఆ ఎనిమిది మందిల నువ్వున్నవా లేవా?

చాయ్_బంద్:
పాయింటుకొచ్చిండు కాక.

నిద్రలేని_నల్లగొండ:
ఉన్న. అయితే? నేను కిరాయికున్నోన్ని. మెయింటెనెన్స్ ఎనిమిది వందలు ఒకటో తారీఖు నాడే ఏస్త, మా సంఘంల ఓనర్లే మూడు నెలలవి బాకీ ఉన్నరు. ఆ రెండు వందలు మా ఓనర్‌ను అడగండ్రి అన్న. ఆయన ఎల్బీనగర్ల ఉంటడు, ఫోనెత్తడు, అది నా తప్పా? మీటింగు పెడితే కిరాయోల్లను పిలవరు. వినాయకుని చందాకు పిలుస్తరు, రంగులేస్తే పైసలకు పిలుస్తరు. టెర్రస్ మీద బట్టలు ఆరేస్తే "ఇది ఓనర్ల తాడు" అన్నరు నా భార్యను. తాడు! నాలుగేండ్ల సంది ఉంటున్నం. నా పేరు గూడ తెల్వదు సగం మందికి, "రెండు వందల నాలుగు" అంటరు. గసొంటి జాగల నేను నోరు తెరిచి అడిగిన మొదటి ముచ్చట ఈ రోలు. దానికే నన్ను ఇట్ల తీస్తున్నరు.

మిర్యాలగూడ_కోడలు:
గిది ముందు చెప్పొద్దా అన్న. తాడు సంగతి ఇంటె నాకే కోపమొస్తుంది. మేం గూడ కిరాయే.

రూల్_ప్రకారం:
ఉమ్మడి స్థలాలు ఏ ఒక్క ఓనర్ సొంతం కావు, 1987 అపార్ట్‌మెంట్ల చట్టం అదే చెబుతుంది, అందరికీ విభజించని వాటా. కిరాయిదారు ఓనర్ తరఫున వాడుకుంటాడు. తాడు ఎవరిది అనే ప్రశ్నే లేదు. అయితే శబ్దం విషయంలో నా అభిప్రాయం మారలేదు.

పాలమూరు_పార్కింగ్:
ఉమ్మడి స్థలం అంటె వరండా గూడ వస్తది గద? చెప్పుల స్టాండు?

పానగల్_పెద్దోడు:
తమ్మి, తాడు అన్నోనిది తప్పే, వాడు నా ముంగటుంటే నేనే అడుగుతుంటి. గని ఓనర్ల మీది కోపం ముసలామె మీద ఎందుకు తీస్తున్నవ్. ఆమె ఓనరా?

నిద్రలేని_నల్లగొండ:
కాదు. కొడుకు కిరాయికే ఉంటడు. ఊరు మర్రిగూడ దిక్కు.

పానగల్_పెద్దోడు:
మర్రిగూడనా. అట్ల చెప్పు.
మా అమ్మగారి ఊరు గూడ గా దిక్కే. నీళ్ళల్ల ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దంటరు, ఆ ఊర్లల్ల బోర్లకు అది ఎన్నడో దాటింది. మా మేనమామ నలభై ఏండ్లకే నడుము వంగి నేల చూసుకుంట నడిచిండు, మెడ తిప్పాలంటె మనిషంత తిరగాలె. చనిపోయినంక గూడ సక్కగ పండబెట్టరాలే. గా దిక్కు ఆడామె నాలుగున్నరకు లేచి కృష్ణ నీళ్ళ వాల్వు తిప్పుతుందంటె అది టైంపాస్ అనుకుంటున్నవా. మీ సంపుకు బోరు లైను గూడ ఉంటది సూడు. కృష్ణ నీళ్ళు పట్టకపోతే ఎవడో ఒకడు బోరు ఏస్తడు, అవే అందరు తాగుతరు, వంటకు పోస్తరు.

దేవరకొండ_బస్టాండ్:
మేం క్యాన్ నీళ్ళు తాగుతం కాక, ఇప్పుడు బోరు నీళ్ళు ఎవలు తాగుతున్నరు.

పానగల్_పెద్దోడు:
అన్నం గూడ క్యాన్ నీళ్ళతోనే వండుతున్నవా? పప్పు? చాయ్?

చాయ్_బంద్:
నన్ను లాగకుండ్రి.

నిద్రలేని_నల్లగొండ:
కాక, నాకు గదంత తెల్వది. ఆమె ఎన్నడు చెప్పలే. మోకాళ్ళు పట్టుకొని మెట్లెక్కుతదని తెలుసు. లిఫ్టు ఎక్కదు, కరెంటు పోతదని భయం. కానీ ఒకటి చెప్పుండ్రి, నిద్ర నాకు గూడ కావాలె. రెండు గంటల నిద్రతోని ఎన్ని దినాలు? డాక్టరు బీపీ గోలీ రాసిండు, నాకు ముప్పై నాలుగే. ఆమె మంచిదైతే నా నిద్ర పోయినా పరవాలేదా? మంచోల్లు చేసిన సప్పుడు వినపడదా?

సైట్_మేస్త్రీ:
మళ్ళ చెప్తున్న. టైరు ముక్క.

మిర్యాలగూడ_కోడలు:
మేస్త్రీ అన్న చెప్పిందే మంచిగుంది. అన్నా, వదినతోని కలిసి పైకి పోండ్రి, ఉత్త చేతులతోని పోవద్దు. మా పక్కింటోల్లు రంజాన్ల సెహ్రీకి మూడున్నరకు లేస్తరు, నెల మొత్తం. మొదటి ఏడు ఆమె ముందుగాలనే వచ్చి చెప్పింది, "భాబీ, సప్పుడైతే తలుపు కొట్టు" అని. ఒక్కనాడు కొట్టలే నేను. సప్పుడు రాలేదని గాదు, వచ్చేది, గిన్నెలు పడేవి. చెప్పి చేసిన సప్పుడు వేరే ఉంటది.

రూల్_ప్రకారం:
చెప్పి చేసినా డెసిబెల్స్ అవే.

దేవరకొండ_బస్టాండ్:
నీకు దండం సామీ.

(నాలుగు రోజుల తర్వాత)

నిద్రలేని_నల్లగొండ:
అడిగినోల్లు ఉన్నరు కాబట్టి రాస్తున్న. పైకి పోయినం, నేను, నా భార్య. బ్రతిమిలాడాల్సొస్తదని అనుకున్న, నన్ను చూడంగనే "నిద్ర పోవు కదా బిడ్డ నువ్వు, రాత్రంత నీ కిటికీల లైటు ఎలుగుతది" అన్నది. నాలుగేండ్లల్ల ఆ బిల్డింగుల నన్ను గమనించినామె గామె ఒక్కతే. వాట్సాప్ ఆమెకు లేదు, నేను పెట్టిన మెసేజ్ కొడుకు చదివి వినిపిస్తే "రోలు పగలగొడ్తడా" అన్నదంట.
టైరు ముక్క తెచ్చి ఏసిన, రోలు పిల్లర్ కాడికి జరిపినం, ఇద్దరం మోస్తేగానీ కదల్లే. సప్పుడు తగ్గింది. పోలే, తగ్గింది. ధబ్ పోయి దబ్ అయింది.
నిన్న నీళ్ళ దినం. ఎట్లాగు పండుకోలేదు గద అని షిఫ్టు అయిపోయినంక పండుకోకుండ నేనే కిందికి దిగిన, ఆమెను లేపొద్దని. వాల్వు దొరకలే. సెల్‌ఫోన్ లైటు పట్టుకొని ఇరవై నిమిషాలు వెతికిన. చూస్తే రెండు బుల్లెట్లు, ఒక స్కూటీ అడ్డం పెట్టిన్రు, వాటి ఎనక గోడ కింద ఉంది. చెయ్యి దూర్చి తిప్పిన, మోచెయ్యి గీసుకపోయింది. అంతల ఆమె దిగొచ్చి చూసి "అయ్యో బిడ్డ, అది బోరుది" అన్నది.
ఆమె ఇన్నాళ్ళు ఆ బండ్ల సందుల కూసొని ఎట్ల తిప్పిందో నాకు తెల్వది.

సైట్_మేస్త్రీ:
వాల్వుకు పెయింటు ఎయ్యి. నీలం కృష్ణది, ఎర్రది బోరుది.

రూల్_ప్రకారం:
ఇప్పుడు ఎన్ని గంటలకు దంచుతున్నారు?

నిద్రలేని_నల్లగొండ:
ఐదుంబావు.

రూల్_ప్రకారం:
అదీ ఆరు లోపే.

పాలమూరు_పార్కింగ్:
అవన్ని ఇడువు. ఆ వాల్వు కాడ బుల్లెట్లు పెట్టింది ఎవలు? వాళ్ళకు పార్కింగ్ లేదా? ఉండీ అక్కడ పెట్టిన్రా? కొత్త త్రెడ్ పెడుతున్న, అందరు రాండ్రి.