సమస్యాపూరణం: ‘తెరకు రాని బొమ్మ తెచ్చె నంది’

నిర్వాహకుడు

కవిమిత్రులకు, సినీప్రియులకు నమస్కారం. అరువు గొంతుతో నటించినవారికి నటన బహుమతి ఇవ్వవచ్చా అన్న వాదం వేడి మీద ఉన్నప్పుడే ఈ సమస్య ఇస్తున్నాను.

*తెరకు రాని బొమ్మ తెచ్చె నంది*

ఛందస్సు ఆటవెలది, ఇది నాలుగో పాదం. తెరకు (నగణం, అంటే మూడు లఘువులు), రాని, బొమ్మ, తెచ్చె, నంది (నాలుగూ హగణాలు, అంటే గురువు తర్వాత లఘువు). ఐదూ సూర్యగణాలే. ‘తె’కు నాలుగో గణం మొదట ‘తె’తో యతి (అక్షరాల పొత్తు) కుదిరింది. మీరు రాయవలసినవి ఈ వింత మాటకు అర్థం కుదిర్చే మూడు పాదాలు. 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు (నల, నగ, సల, భ, ర, త). రెండో పాదంలో ఐదు సూర్యగణాలు. ప్రాస నియమం లేదు, ప్రాసయతి (యతికి బదులు రెండో అక్షరాల పొత్తు) చెల్లుతుంది.

ఒక్క మనవి. ఇక్కడ నంది అంటే లేపాక్షి నంది రూపంలో 1964 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చిన బహుమతి. 2016 చిత్రాల దాకా ప్రకటించారు. తెలంగాణ 2025లో గద్దర్ పురస్కారాలు మొదలుపెట్టింది. కాబట్టి ‘తెచ్చె’ అన్న భూతకాలం సరిగ్గా సరిపోయింది. పద్యంలోని నంది నిజంగా ఇచ్చిన నంది కావాలి. ఆ విషయంలో పట్టువిడుపులు ఉండవు.

నందివర్ధనం

*పెదవి కదలు తీరు వెదకి గళము నిచ్చి*
*నటికిఁ బ్రాణ మూఁదె నామె గొంతు*
*కంటఁ బడని మనిషి కళకుఁ బట్టము గాదె*
*తెరకు రాని బొమ్మ తెచ్చె నంది*

డబ్బింగు కళాకారిణి గురించి రాశాను. రెండో పాదంలో ‘బ్రా’ ముందున్న ‘కిఁ’ గురువు అవుతుందేమోనని అనుమానం. చెప్పగలరు.

నిర్వాహకుడు

కాదండీ. ‘నటికిన్’ వేరే పదం, తర్వాతిది మరో పదం. సమాసం కాదు గనుక ‘కిఁ’ లఘువే, నగణం నిలిచింది. పూరణ చాలా బాగుంది. నందుల్లో డబ్బింగు కళాకారులకు, స్త్రీ పురుషులకు విడివిడిగా, ప్రత్యేక బహుమతి ఉండేది. అందువల్ల సమస్యలోని అసంబద్ధత పూర్తిగా తొలగిపోయింది. ‘బొమ్మ’ను రూపం అన్న అర్థంలో వాడటమూ సహజంగా ఉంది.

చిత్రసఖుడు

ఛందస్సులో నాకు ప్రవేశం తక్కువ గానీ డబ్బింగు పని తెలుసు. ‘పెదవి కదలు తీరు వెదకి’ అన్న పాదం ఆ పనికి గుండెకాయ లాంటిది. తెర మీద సెకనుకు 24 ఫ్రేములు నడుస్తాయి. ప, బ, మ పలికేటప్పుడు పెదవులు పూర్తిగా మూసుకుంటాయి, రెండు మూడు ఫ్రేముల పాటు. అక్కడ మాటలో కూడా అలాంటి అక్షరమే పడాలి. ‘క’ పెట్టినా ‘ల’ పెట్టినా చూసేవాడికి గొంతు వేరు, మనిషి వేరు అని ఇట్టే తెలిసిపోతుంది. మాట పొడవు సరిపోయినా ఊపిరి తీసే చోటు తప్పితే మళ్లీ చెప్పాల్సిందే.

నిర్వాహకుడు

మంచి మాట చెప్పారు. మన యతిలో ప, ఫ, బ, భ, వ ఒక మైత్రి. ఈ పాదంలోనే ‘పె’కు ‘వె’ యతి. డబ్బింగులో మాత్రం ఈ చెలిమి చెల్లదన్నమాట, ‘వ’ పలికితే రెండు పెదవులూ మూసుకోవు కదా!

చిత్రసఖుడు

అవునండీ. మూసిన పెదవి మీద ‘వ’ పెడితే దొరికిపోతాం. ఇక అసలు వాదం: అరువు గొంతుతో నటించిన వారికి నటన బహుమతి ఇవ్వవచ్చా? నా ఉద్దేశంలో ఇవ్వకూడదు. కోపాన్ని దిగమింగడం, ఏడుపు అంచున మాట వణకడం గొంతులో ఉండే నటన. దాన్ని ఒకరు చేస్తే బహుమతి మరొకరికి వెళ్లడం అన్యాయం. పుష్పక విమానం లాంటి మాటల్లేని చిత్రంలో ఈ చిక్కే లేదు, నటనంతా ఒంటిదే, కళ్లదే. 1987 చిత్రాల్లో దానికి వినోదాత్మక చిత్రంగా జాతీయ పురస్కారం వచ్చింది.

నందివర్ధనం

నేను ఒప్పుకోను. రెండు బహుమతులు ఉన్నప్పుడు రెండు పనులనూ విడివిడిగా తూచవచ్చు. కంటి చూపు, నడక, ఎదుటివాడి మాట వింటున్నప్పటి ముఖం, ఇవేవీ డబ్బింగు గదిలో పుట్టవు.

గణసాధకుడు

*హాలు చేరకున్న నర్హతఁ బొందెను*
*పత్ర మొకటి యున్న ఫలము దక్కు*
*తేది ముఖ్య మనుచుఁ దీర్పరు లెంచిరి*
*తెరకు రాని బొమ్మ తెచ్చె నంది*

‘పత్రం’ అంటే సెన్సారు ధ్రువపత్రం. విడుదల కాకపోయినా పత్రం తేదీని బట్టి చిత్రం పోటీకి వస్తుంది.

నిర్వాహకుడు

గణాలు, యతులు నిర్దోషం. ‘హా’కు ‘అ’, ‘తే’కు ‘దీ’ చక్కగా కుదిరాయి. చిక్కు వస్తువులో ఉంది. జనవరి 1 నుంచి డిసెంబరు 31 లోపు సెన్సారు పత్రం పొందిన చిత్రాలే ఆ ఏటి పోటీకి అర్హం అన్నది జాతీయ పురస్కారాల నియమం. అక్కడ దక్కేది కమలం (జాతీయ బహుమతి పేరు), నంది కాదు. కమలం నియమం చెప్పి నందిని తెప్పించారు. పద్యం అందంగా ఉన్నా పూరణ పూర్తి కాలేదని నా అభిప్రాయం.

చిత్రసఖుడు

నియమం మాత్రం బంగారం లాంటిది. దీనికి శంకరాభరణం కంటే మంచి ఉదాహరణ లేదు. హాళ్లకు వచ్చింది 1980 ఫిబ్రవరిలో. జాతీయ పురస్కారాల్లో మాత్రం 1979 లెక్కలో, 27వ పురస్కారాల్లో చేరింది. ‘1980 సినిమాకు 1979 బహుమతి ఏమిటి, జాబితా తప్పు’ అని వాదించేవాళ్లు ప్రతిచోటా కనిపిస్తారు. జాబితా సరైనదే. చూడవలసింది విడుదల తేదీ కాదు, పత్రం తేదీ.

గణసాధకుడు

ధన్యవాదాలు. వస్తుదోషం ఒప్పుకుంటున్నాను. శంకరాభరణం పేరు వచ్చింది గనుక మరో పూరణ:

*పాట కొకఁడు గొంతు పలుక నింకొక్కఁడు*
*పెదవి కదిపెఁ దెరను నటుఁడు తాను*
*గాయకునకె దక్కె ఘనమగు సత్కృతి*
*తెరకు రాని బొమ్మ తెచ్చె నంది*

నిర్వాహకుడు

భావం బాగుంది. నందుల్లో నేపథ్య గాయకులకు బహుమతి ఉంది గనుక ఈసారి వస్తుదోషం లేదు. రెండో పాదంలో యతి తప్పింది. ‘పె’ ఎదుట నాలుగో గణం ‘నటుఁడు’లోని ‘న’ పడింది, వాటికి మైత్రి లేదు. ప్రాసయతి కూడా లేదు, ‘ద’కు ‘ట’ కుదరదు. ‘తాను’ కూడా గణం నింపడానికి వచ్చిన మాటే. ఇలా మార్చవచ్చు:

*పెదవి కదిపెఁ దెరను వేషధారి*

‘పె’కు ‘వే’ యతి. వ్యర్థపదం పోయింది, అర్థమూ పదునెక్కింది.

చిత్రసఖుడు

సవరణ భేష్. అయితే ఈ పద్యం నటుడిని తక్కువ చేస్తోంది, అక్కడే నా అభ్యంతరం. శంకరాభరణం జాతీయ పురస్కారాల్లో బాలసుబ్రహ్మణ్యంగారికి, వాణీ జయరాంగారికి గాత్రానికి, మహదేవన్‌గారికి సంగీతానికి వచ్చాయి. అందులో గాయకుడి పాత్ర వేసిన సోమయాజులుగారికి ఉత్తమ నటుడు రాలేదు. ఆ ఏడు అది స్పర్శ్ చిత్రానికి నసీరుద్దీన్ షాకు దక్కింది. నసీరుద్దీన్ షా అర్హత మీద నాకు పేచీ లేదు. కానీ సోమయాజులుగారిది కేవలం పెదవి కదపడం కాదు. గమకం దగ్గర మెడ నరం బిగుసుకోవాలి, పై స్థాయికి వెళ్లేటప్పుడు ఛాతీ నిండాలి, చేయి తాళం తప్పకూడదు. పాట ఒకరిది, ఊపిరి ఇంకొకరిది అనిపిస్తే ఆ పాత్రే కూలిపోతుంది. ఆ నటనకు బహుమతి రావలసిందే.

నందివర్ధనం

ఇక్కడ మీతో ఏకీభవిస్తున్నాను. తెర వెనుకవారి లెక్క తీస్తే ‘దాసి’ చిత్రాన్ని కూడా చెప్పాలి. 1988 చిత్రాల్లో దానికి ఐదు జాతీయ పురస్కారాలు వచ్చాయి: ఉత్తమ తెలుగు చిత్రం, నటి అర్చన, ఛాయాగ్రహణం, కళాదర్శకత్వం, దుస్తులు. వీటిలో ముఖం కనిపించేది ఒక్కటే. కళాదర్శకత్వం చిత్రకారుడు వైకుంఠంగారిది.

పద్యమిత్ర

*ఇంట నింటఁ జేరె నీ ధారవాహిక*
*బుల్లితెరకు వచ్చి ముదముఁ గూర్చె*
*చిన్న దనకు దానఁ జేవ యున్నది, వెండి*
*తెరకు రాని బొమ్మ తెచ్చె నంది*

నిర్వాహకుడు

మూడో పాదం చివర ‘వెండి’ పెట్టి సమస్యను వెండితెరగా మార్చడం గొప్ప ఊహ! నంది పురస్కారాలు టీవీ కార్యక్రమాలకు కూడా ఇచ్చారు గనుక వస్తువు గట్టిది. రెండో పాదంలో ‘బు’కు ‘ము’ యతి అని కొందరు సందేహించవచ్చు. పు, ఫు, బు, భు లకు ‘ము’తో యతి చెల్లుతుంది, అది ముకార యతి. ఉకారం ఉన్నప్పుడే సుమా; ‘బ’కు ‘మ’ పెడితే కుదరదు.

దోషం మొదటి పాదంలో ఉంది. ‘ధారవాహిక’ అనే రూపం లేదు, అది ‘ధారావాహిక’. దీర్ఘం పెడితే ‘నీ ధారా’ మూడు గురువులై ఇంద్రగణం చెడుతుంది. గణం కోసం దీర్ఘాన్ని కత్తిరించకూడదు, మాటనే మార్చాలి.

పద్యమిత్ర

సవరించాను:

*ఇంట నింటఁ జూచి రీ కథ ననయము*

నిర్వాహకుడు

ఇప్పుడు నిర్దుష్టం. ఇప్పటివరకు వచ్చినవాటిలో నాకు బాగా నచ్చింది ఇదే.

తోరణం

పదవిరుపుతో ప్రయత్నించాను. తెచ్చెను + అంది.

*తోలుబొమ్మలాటఁ దుది ముట్టఁ జూచిన*
*బాల యింటఁ జేరి పరుగుతోడ*
*మామ సంచి నున్న మారీచు రూపమౌ*
*తెరకు రాని బొమ్మ తెచ్చె నంది*

గణసాధకుడు

విరుపు అద్భుతం. కానీ ‘అంది’ వ్యావహారికం. అరసున్నలు, సరళాదేశాలు (క, చ, ట, త, ప లు గ, జ, డ, ద, బ లు కావడం) పాటించిన పద్యంలో చివరికి వచ్చి ‘అంది’ అంటే అతకదు. గ్రాంథికంలో అన్నది, అనియె ఉండాలి.

తోరణం

సమస్యాపాదాన్ని మార్చలేను కదండీ. వాడుకభాషలో పద్యాలు రాస్తూనే ఉన్నారు.

నిర్వాహకుడు

రాస్తున్నారు, కానీ మొత్తం ఒకే భాషలో ఉండాలి. ‘ఇంటఁ జేరి’ అన్న నోటితోనే ‘అంది’ అంటే చెవికి తగులుతుంది. విరుపు పోకుండా దారి ఉంది. ‘అందు’ ధాతువుకు అందుకొను అన్న అర్థం ఉంది; ‘అంది’ అంటే అందుకొని. అప్పుడు అది గ్రాంథికమే. చేయి చాచి అందుకోవలసిన చోట బొమ్మను పెట్టండి చాలు.

తోరణం

*తోలుబొమ్మలాటఁ దుది ముట్టఁ జూచిన*
*బాల కోరినంతఁ బైకి లేచి*
*మామ యటక నున్న మారీచు రూపమౌ*
*తెరకు రాని బొమ్మ తెచ్చె నంది*

‘బా’కు ‘బై’ యతి సరేనా?

నిర్వాహకుడు

సరే. అ, ఆ, ఐ, ఔ ఒక మైత్రి. సంచిని అటకగా మార్చడంతో ‘అంది’కి పని దొరికింది. అభినందనలు.