వెంచర్ గోడతో పొలం బాట మూసుకుపోయింది, ఏం చేయాలి?

మాది శంకర్‌పల్లి వైపు. నాయిన పేరు మీద ఎకరం పది గుంటలుంది. పాలకూర, మెంతి, కొత్తిమీర వేస్తాం, తెల్లారేసరికి మెహదీపట్నం రైతుబజారుకు చేర్చాలి.

చుట్టుపక్కల వాళ్లంతా అమ్ముకున్నారు, అక్కడ వెంచర్ పడింది. మొన్న ప్రహరీ కట్టి, మా తాత కాలం నుంచి నడిచిన బండ్ల బాటను మూసేశారు. ఇప్పుడు ఆటో రాదు. కూర మూటలు నెత్తిన పెట్టుకుని గెట్ల మీద మోస్తున్నాం. పైగా వాన నీళ్లు పోయే కాలువ కూడా పూడ్చేశారు, మొన్నటి వానకు మడులన్నీ మునిగాయి. అడిగితే "మీది కూడా ఇచ్చెయ్యండి" అంటున్నారు. అసలు కథ అదేననుకోండి!

చిక్కేంటంటే, గ్రామ నక్షాలో ఆ బాట లేదు. 1882 ఈజ్‌మెంట్ చట్టం (వేరేవాళ్ల భూమిలోంచి దారిలాంటివి వాడుకునే హక్కుల చట్టం) ప్రకారం 20 ఏళ్లు అడ్డులేకుండా హక్కుగా వాడిన దారి మీద హక్కు వస్తుందనీ, అడ్డుపడ్డాక రెండేళ్లలోపే దావా వేయాలనీ చదివాను.

ఇలాంటి కేసు నడిపినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ముందు తహసీల్దారుకు అర్జీ పెట్టాలా, నేరుగా సివిల్ కోర్టుకెళ్లి ఇంజంక్షన్ (దారికి అడ్డు పెట్టొద్దనే కోర్టు ఉత్తర్వు) అడగాలా? సాక్ష్యంగా పాత శాటిలైట్ ఫొటోలు చెల్లుతాయా, లేక ఊరి పెద్దల మాటే కావాలా? కాలువ సంగతి ఇరిగేషన్ వాళ్లకు చెప్పాలా, లేఅవుట్‌కు అనుమతిచ్చిన ఆఫీసుకా?

అమ్మేయమనే సలహా మాత్రం వద్దండీ, నాయిన ఒప్పుకోడు.